దాసరి సుబ్రహ్మణ్యము: పేరు ముద్రింపని కథకుడు

మారతహళ్ళిలోని మా యింట పాత ‘చందమామ’ సంచికల సంపుటములు కొన్ని గలవు. మా తండ్రిగారు వానిని ఏటేట దారముతో కుట్టించి, అట్టలు వేయించి దాచిరి. జీవనార్థమై గుంటూరు సీమను విడిచి బెంగుళూరు చేరునపుడు ఇత్తడి బిందెలనైన బంధువుల యింట వదలివచ్చితిమి గాని, ఈ సంపుటములను వదలుటకు మన సొప్పలేదు. గత వేసవి సెలవులలో, ఎనిమిదేండ్ల మా మనుమనికి వానిలోని ‘తోకచుక్క’ ధారావాహికను చదివి వినిపించితిని. బాలుడు తెలుగు మాటలాడును గాని చదువ నేరడు. బడిలో ఇంగ్లీషు, కన్నడము, హిందీ నేర్చుచున్నాడు. రాత్రివేళ నేను చదువుచుండగా, మాంత్రికుల పోరాటము వచ్చిన ఘట్టమున వాడు దుప్పటి కప్పుకొని నా చేయి పట్టుకొనెను. కాని చదువుట నాపుమనలేదు. మరునాటి యుదయమున వాడు నన్నొక ప్రశ్న యడిగెను: “తాతా, ఈ కథ రాసిందెవరు?”

సంపుటమంతయు తిరుగవేసి చూచితిని. బొమ్మ క్రింద చిత్రకారుని సంతకమున్నది. సంచాలకుని పేరున్నది, ముద్రాపకుని పేరున్నది. కథకుని పేరు మాత్రము ఎచ్చటను లేదు. వాని వయస్సులో నేనును ఇట్టి కథలనే చదివితిని, వానివలె భయపడితిని, కాని వాని ప్రశ్నను ఒక్కనాడైన అడిగి యెరుగను. ఆ ప్రశ్నకు సమాధానముగ ఈ వ్యాసమును వ్రాయుచున్నాను. ఆ కథకుని పేరు దాసరి సుబ్రహ్మణ్యము.

చౌకపత్రికలు, వింతకథలు

భయానకాద్భుత కథలు మాసపత్రికల నాశ్రయించి వర్ధిల్లుట మన దేశమున మాత్రమే జరిగినది కాదు. అమెరికాలో ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున, కొయ్యగుజ్జుతో చేసిన నాసిరకపు కాగితముపై ముద్రితములైన చౌక కథాపత్రికలు విశేషముగ వ్యాపించెను. ఆ కాగితమును బట్టియే వానికి ‘పల్ప్’ పత్రికలను పేరు గలిగెను. వానిలో భయానక కథలకు ప్రసిద్ధి కెక్కినది 1923 మార్చిలో వెలువడిన ‘వీయర్డ్ టేల్స్’. హోవార్డ్ ఫిలిప్స్ లవ్‌క్రాఫ్ట్ (1890–1937) అను రచయిత తన ముఖ్యరచనలలో అనేకమును ఇందే ప్రకటించెను. ‘ది కాల్ ఆఫ్ కథుల్హూ’ 1928 ఫిబ్రవరి సంచికలో వెలువడెను. కత్తియుద్ధమును మంత్రవిద్యతో జోడించి, కోనన్ అను వీరుని 1932లో సృష్టించిన రాబర్ట్ హోవార్డ్ (1906–1936) కూడ ఈ పత్రికవాడే.

లవ్‌క్రాఫ్ట్ జీవితమున మన ప్రస్తుతాంశమునకు సంబంధించిన విషయములు మూడు గలవు. మొదటిది: దయ్యములను గూర్చి ఇంత వ్రాసిన యాతడు దయ్యములను నమ్మినవాడు కాడు, కేవల భౌతికవాది. రెండవది: పదమునకింత యని వచ్చు స్వల్ప ప్రతిఫలముతో జీవనము గడువక, ఇతరుల వ్రాతప్రతులను దిద్దియు, ఇతరుల పేర వ్రాసియు కాలము పుచ్చెను. ఇంద్రజాలికుడు హుడీని పేర 1924లో ఆ పత్రికలో వెలువడిన ఈజిప్టు కథను నిజముగ వ్రాసినవాడు లవ్‌క్రాఫ్టే. మూడవది: ఆతడు పేదరికమున మరణించిన పిమ్మట ఆగస్ట్ డెర్లెత్, డొనాల్డ్ వాండ్రీ అను మిత్రు లిద్దరు 1939లో ‘ఆర్కమ్ హౌస్’ అను ప్రచురణ సంస్థను స్థాపించి ఆతని కథలను గ్రంథరూపమున నిలిపిరి. లవ్‌క్రాఫ్ట్ రచనలలో పరజాతి ద్వేషము మిక్కుటమనుట సత్యము. అది నేటి పాఠకులు విస్మరింపరాని దోషము. అయినను మిత్రులు పూనుకొనకున్నచో ఆతని గుణదోషములు రెండును పాత కాగితములతోపాటు తుక్కులో కలిసియుండెడివి.

‘వీయర్డ్ టేల్స్’ తొలి ప్రస్థానము 1954 సెప్టెంబరుతో ముగిసెను. ఆ 1954వ సంవత్సరమందే మదరాసున ‘చందమామ’లో ‘తోకచుక్క’ ప్రారంభమయ్యెను. ఒకదానితో నొకటికి సంబంధము లేదు. కాని అమెరికాలో ఒక దీపము ఆరిన యేడే మన భాషలో వేరొకటి వెలిగెనని గుర్తుంచుకొనుట ముచ్చటగ నుండును.

మన పూర్వరంగము

సుబ్రహ్మణ్యముగారి కథలు శూన్యమునుండి పుట్టినవి కావు. గుణాఢ్యుని బృహత్కథ పైశాచీ భాషలో నుండెడిదని ప్రతీతి. కాశ్మీర కవి సోమదేవుడు పదునొకండవ శతాబ్దిలో దానిని కథాసరిత్సాగరముగ సంస్కృతీకరించెను. శవము నావేశించిన భేతాళుడు విక్రమార్కుని భుజమెక్కి కథ చెప్పుట అందలిదే. చీకటి, శ్మశానము, శవము అను భయంకర పరికరములు మూడింటిని కూర్చి, చివరకు వానిచే వివేకపరీక్ష చేయించుట ఆ కథల విశేషము. భయము వాకిలి మాత్రమే, లోపలనున్నది ప్రశ్న.

తెలుగున మధిర సుబ్బన్న దీక్షితులుగారి (1868–1928) ‘కాశీమజిలీ కథలు’ పండ్రెండు భాగములు ఇంటింట చదువబడినవి. కాశీకి నడచిపోవు యాత్రికునకు మజిలీ మజిలీకి ఒక కథ చెప్పబడుట ఆ గ్రంథపు కట్టడి. నేడు మజిలీ, రేపు మరల నడక. కనుక కథ తెగినచోట కుతూహలము మిగులును. మాసపత్రికలోని ధారావాహికకు తెలుగున ఇదియే తాతవంటిది. ఈ కథల ప్రేరణతోనే విజయా సంస్థవారు 1951లో కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున ‘పాతాళభైరవి’ చిత్రమును నిర్మించిరి. ఎస్. వి. రంగారావుగారు ధరించిన నేపాళ మాంత్రికుని వేషమును చూడని తెలుగువారు అరుదు.

ఆ విజయా సంస్థ నిర్మాతలైన బి. నాగిరెడ్డి (1912–2004), చక్రపాణి (1908–1975) గారలే ‘చందమామ’కు కర్తలు. 1947 జులైలో తెలుగు, తమిళ భాషలలో ఆ పత్రికను ప్రారంభించిరి. పిమ్మట కన్నడాది భాషలకు అది విస్తరించెను. తెరపై మాంత్రికుని ప్రేక్షకులు ఎట్లు ఆదరించిరో ఎరిగినవారు, అట్టి వానిని పత్రికలో నెలనెలా నడిపించుటకు సమర్థుడైన కథకుని వెదకుట సహజమే.

జీవితము

దాసరి సుబ్రహ్మణ్యముగారు 1932 అక్టోబరు 25వ తేదీన గుంటూరు జిల్లాలో, తెనాలి ప్రాంతమునందలి పెదగాదెలవర్రు గ్రామమున జన్మించిరి. చక్రపాణిగారును తెనాలివారే. ‘చందమామ’ సంపాదకత్వ భారమును 1952 మొదలు 1980లో మరణించు వరకు వహించిన కొడవటిగంటి కుటుంబరావుగారు (1909–1980) కూడ తెనాలివారే. ఇట్లు కృష్ణా డెల్టాలోని ఒక్క చిన్న పట్టణపు పరిసరములలో పుట్టినవారు ముగ్గురు, మదరాసు వడపళనిలో కూర్చుండి, దేశమందలి బాలురందరికి కథలు చెప్పిరి.

సుబ్రహ్మణ్యముగారు 1952లో, ఇరువది యేండ్లు నిండని వయస్సున ‘చందమామ’లో ఉద్యోగిగ చేరిరి. 1953 అక్టోబరులో ఆంధ్రరాష్ట్రము ఏర్పడెను. మదరాసు మనకు దక్కలేదు. రాజకీయముగ తెలుగువారు ఆ నగరమును విడిచిరి. తెలుగు పత్రిక మాత్రము అచ్చటనే నిలిచెను. సుబ్రహ్మణ్యముగారు కూడ నిలిచిరి. 2006 వరకు, అనగా ఏబదినాలుగు వత్సరములు, ఒకే పత్రికలో పనిచేసిరి. రాష్ట్రేతర ప్రాంతమున జీవించుచు తెలుగున బ్రతుకుట యెట్లో ఎరుగగోరు మనబోటి వారికి ఆ జీవితము ఒక పాఠము. ఆయన సభలకెక్కలేదు, బిరుదులు కోరలేదు. వచ్చిన కథలను పరిశీలించుట, దిద్దుట, తిరిగి వ్రాయుట, నెలకొక భాగము తన ధారావాహికను వ్రాయుట – ఇదియే ఆయన నిత్యకృత్యము.

లవ్‌క్రాఫ్టునకు పదముల లెక్కన సొమ్ము, సుబ్రహ్మణ్యముగారికి నెలజీతము. జీతగాని రచనపై పేరుండవలెనను పట్టుదల ఆనాడు ఎవరికిని లేకుండెను. స్వభావమున ఆయన హేతువాది; మంత్రతంత్రములయందు విశ్వాసము లేనివారు. ఈ విషయమున ఆయన లవ్‌క్రాఫ్టునకు సన్నిహితుడు. నమ్మినవాడు దయ్యమునకు మ్రొక్కును. నమ్మనివాడు దానిని మలచును. శిల్పమునకు కావలసిన దూరము ఆ రెండవవానికే యుండును.

రచనలు

‘చందమామ’లో ఆయన ధారావాహికలు క్రమముగ ఇవి: తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు. మొత్తము పండ్రెండు. 1954 మొదలు పాతికేండ్లు ఇవి పాఠకుల నలరించినవి. ఇవికాక ‘బొమ్మరిల్లు’ పత్రికలో ‘మృత్యులోయ’, ‘యువ’లో ‘అగ్నిమాల’ అను రచనలును, చిన్నకథలును గలవు.

ఈ పేర్లను మరల చదువుడు. కోట, లోయ, ద్వీపము, దుర్గము, ఆలయము, పర్వతము, సరోవరము – సగమునకు పైగా స్థలముల పేర్లే. వీరుని పేర కథను పిలుచుట మన పురాణ పద్ధతి. స్థలము పేర పిలుచుట ఆయన పద్ధతి. చేరవలసిన యొక చోటున్నది, అది యెచ్చటనో తెలియదు, త్రోవయంతయు అపాయము. పాఠకుని భయమునకు మూలము ఆ తెలియని చోటే.

‘తోకచుక్క’లో ఆకాశమున ధూమకేతువు కనబడుటతో కథ ఆరంభమగును. కుండలినీ ద్వీపపు సేనాని సమరసేనుడు ఓడలలో బయలుదేరి, ఎరుగని సీమలలో చిక్కుకొనును. అచ్చట ఏకాక్షి, చతుర్నేత్రుడు అను మాంత్రికు లిద్దరు ఒకరిపై నొకరు పగబూని యుందురు. ఒకనికి ఒక కన్ను, రెండవవానికి నాలుగు కన్నులు! పేర్లతోనే వైరము రూపుకట్టినది. చతుర్నేత్రుని కొలుచు గుడ్లగూబ, నరవానరము బాలుర మనసున చెరగని రూపములు. వారి పోరాటమునకు హేతువు శాక్తేయుని త్రిశూలము, దానితో పొందదగిన ధనరాశి. సమరసేనునికి మంత్రము రాదు. అతనికున్నవి ఖడ్గము, కన్నుల జాగరూకత, తోడివారి యెడ విశ్వాసము.

‘ముగ్గురు మాంత్రికులు’లో పింగళుడు సామాన్య కుటుంబమున పుట్టిన యువకుడు. అతని యన్నలు జీవదత్తుడు, లక్షదత్తుడు దురాశాపరులు. పద్మపాదుడను మాంత్రికుడే అతని సహాయమును కోరివచ్చును. ‘రాకాసిలోయ’లో కేశవుడు, జయమల్లు బ్రహ్మదండి మాంత్రికుని కుతంత్రముల నెదుర్కొందురు. ‘శిథిలాలయం’లో శిఖిముఖి అడవిజాతి యువకుడు, విక్రమకేసరి అతనికి సమానస్నేహితుడు. రాతిరథ, యక్షపర్వతములలో ఖడ్గవర్మ, జీవదత్తులు. మాయాసరోవరమున జయశీలుడు, సిద్ధసాధకుడు. ఒకరికి బలము, ఒకరికి యుక్తి. ఏ ధారావాహికలోను వీరుడు ఏకాకి కాడు. రాజకుమారుడు గెలిచి రాజకుమార్తెను పొందుటయే కథాసర్వస్వమైన జానపద సంప్రదాయమున, సామాన్యులను, అడవివారిని కథాయకులుగ నిలుపుట గమనింపదగిన మార్పు.

భయనిర్మాణ రీతి

ఆయన భయమును కట్టిన విధానమును పరిశీలింతము.

మొదటిది, కాలము. ప్రతిభాగము అపాయపు అంచున ఆగును. చెట్టుకొమ్మ విరుగును, క్రింద మొసలి నోరు తెరచియుండును, నెలదినములు బాలుడు నిరీక్షింపవలెను. మరుసటి సంచికలో ముందుగ జరిగిన కథ యొక్క సంగ్రహము, పిదప ఒకటి రెండు వాక్యములలో ఆ యపాయము తొలగుట, వెంటనే మరియొకటి. నేడు ఒక్క పూటలో కథనంతయు చూచివేయు బాలురకు ఈ నిరీక్షణ తెలియదు. ఆ నెలదినములు బాలుడు తానే కథను తన మనసున పదివిధముల ముగించుకొనెడివాడు. అనగా తానును కథకు డగుచుండెను.

రెండవది, బొమ్మ. ఈ ధారావాహికలలో అధికభాగమునకు బొమ్మలు వేసినవారు ‘చిత్రా’ యను సంతకముతో ప్రసిద్ధులైన టి. వి. రాఘవన్‌గారు (మరణము 1978). పక్షిముఖములు, కొమ్ముల శిరస్త్రాణములు, ఎలుగుబంటి తలలు, శిథిలములైన రాతి మెట్లు ఆయన కుంచెనుండి వెలువడినవి. అక్షరము చెప్పిన దానిని బొమ్మ చూపును. బొమ్మ చూపనిదానిని అక్షరము ఊహింపజేయును. బేతాళ కథలకు శంకర్‌గారి బొమ్మ యెంత ముఖ్యమో, ఈ ధారావాహికలకు చిత్రాగారి బొమ్మ అంత ముఖ్యము.

మూడవది, భాష. చక్రపాణి, కుటుంబరావుగార్ల శిక్షణలో ‘చందమామ’ భాష చిన్న వాక్యముల భాష. పల్లెబాలుడును పట్టణపు బాలుడును ఒక్కరీతిగ నర్థము చేసికొనదగినది. భయమును పెంచుటకు విశేషణములను గుప్పించుట ఆయనకు తెలియదు. ‘ఘోరము’, ‘భీకరము’ అని కథకుడు కేకలు వేయడు. గుహలో కదలిక యున్నదని మాత్రము చెప్పును. వణుకుట పాఠకుని వంతు. పేర్ల విషయమున మాత్రము ఆయన ఉదారుడు: ఉగ్రాక్షుడు, భల్లూకకేతుడు, బ్రహ్మదండి – నాలుకపై తిరుగునప్పుడే గగుర్పాటు కలిగించు నామములు. ఈ పేర్లతోనే మా తరమువారు సంయుక్తాక్షరములను తప్పులేకుండ పలుక నేర్చితిమనిన అతిశయోక్తి కాదు.

నాలుగవది, హాస్యము. భయము పరాకాష్ఠ నందినచోట ఒక భటుడు తడబడును, ఒక సాధకుడు వీరాలాపములాడి బోర్లపడును. పాఠకుడు నవ్వును. నవ్విన క్షణమున భయముపై అతనికి అధికారము వచ్చును.

ఐదవది, అన్నిటికంటె ముఖ్యమైనది, భయమునకు ఆయన విధించిన ధర్మము. ఆయన మాంత్రికుడు దేవుడు కాడు, దయ్యము కాడు. ఆశగొన్న మనుష్యుడు. అతనికి ధనము కావలెను, అధికారము కావలెను. అందుకై ఇతరులను పనిముట్లుగ వాడుకొనును. అతని శక్తి యొక దండమునందో, ఉంగరమునందో, త్రిశూలమునందో యుండును. అది పోయిన అతడును మనవంటివాడే. మాంత్రికులు తమలో తాము కలహించి నశింతురు. మంత్రమునకు ప్రతిమంత్రము వెదకుట వీరుల మార్గము కాదు. కన్నులు తెరచి చూచి, కారణము కనుగొని, కలిసికట్టుగ నెదుర్కొనుటయే వారి మార్గము. దయ్యముల నడుమ కథ నడపిన హేతువాది బాలురకు చెప్పకయే చెప్పిన నీతి యిది.

ఒక యాక్షేపణ

ఇట్టి కథలు బాలుర మనసులో మూఢవిశ్వాసములను నాటునని ఆక్షేపించువారు నాడును గలరు, నేడును గలరు. ఈ యాక్షేపణ త్రోసిపుచ్చదగినది కాదు. చేతబడి చేసిరను అనుమానముతో అమాయకులను హింసించిన వార్తలు తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటక ప్రాంతములనుండి మనము వినుచునే యున్నాము. ఈ బెంగుళూరు నగరమందే విశ్వవిద్యాలయ ఉపకులపతియైన హెచ్. నరసింహయ్యగారు 1976లో మహిమలను, మూఢవిశ్వాసములను శాస్త్రీయముగ పరిశీలించుటకు ఒక సంఘము నేర్పరచిరి. కర్ణాటక రాష్ట్రము 2017లో అమానుషాచారములకు, వామాచారమునకు వ్యతిరేకముగ చట్టము చేసెను. భయము కథలో నున్నంతకాలము వినోదము. వీథిలోనికి వచ్చిన హత్య.

కనుక విచారింపవలసినది భయమున్నదా లేదా యని కాదు. భయము పాఠకుని యెచ్చట వదలిపెట్టును అని. 1980 ప్రాంతమున యండమూరి వీరేంద్రనాథ్‌గారి ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో వెలువడి తెలుగుదేశము నుఱ్ఱూతలూగించెను. 1985లో కన్నడమున చలనచిత్రమయ్యెను. అందు మాంత్రికుడు ఎరుగని ద్వీపమున లేడు. అతని ప్రయోగము మన పట్టణములోని యింటికి, పసిబిడ్డ పడకకు చేరినది. వైద్యమును, మంత్రమును ఎదురెదుర నిలిపి, ఏది నిజమో పాఠకునికే వదలుటలో ఆ రచయిత నేర్పు సామాన్యమైనది కాదు. వేలమంది దానిని విడువక చదివిరి. రంగనాయకమ్మగారు దానిని తీవ్రముగ విమర్శించిరి. చేతబడి నిజమేమో యను సంశయమును చదువుకొన్నవారిలో సహితము అట్టి రచన మిగుల్చునను భయము ఆ విమర్శకు బలము.

సుబ్రహ్మణ్యముగారి భయము వేరు. అది ‘అనగా అనగా’ అను గీత కావలనున్న భయము. ఏకాక్షి మన వీథిలో నివసింపడు. పొరుగింటి ముసలమ్మను ఏకాక్షియని అనుమానించు బాలుడు ఎచ్చటను ఉండడు. పుస్తకము మూసిన భయము అందే యుండును. ధైర్యము మాత్రము వెంట వచ్చును. మొన్న దుప్పటి కప్పుకొన్న మా మనుమడు, మరునాడు కఱ్ఱ చేతబట్టి సమరసేనుడై మేడమెట్లపై తిరిగెను. మాంత్రికుడై తిరుగవలెనని వానికి తోచలేదు. నాకు దొరకిన ప్రమాణము ఇంతే. ఇది నాకు చాలును.

పేరులేమి

‘చందమామ’లో పాఠకులు పంపిన కథలకు పేరుండెడిది, కార్యాలయమున కూర్చుండి వ్రాసినవారి రచనలకు పేరుండెడిది కాదు. కుటుంబరావుగారంతటివారు కూడ ఆ పత్రికలో అట్లే పనిచేసిరి. కాని కుటుంబరావుగారికి నవలలు, కథలు, వ్యాసములు బయట గలవు. వాని మూలమున ఆయన పేరు చరిత్రలో నిలిచినది. సుబ్రహ్మణ్యముగారి ముఖ్యకృషియంతయు ఆ పత్రికలోనే యున్నది. ఆయన పేరు అందులేదు కనుక చాలకాలము ఎందును లేకపోయెను.

దీనిలో మేలు కొంత లేకపోలేదు. పేరులేని కథ జానపదుల కథవలె అందరిదగును. ఆ ధారావాహికలు అవే బొమ్మలతో ఇతరభాషల చందమామలలోను వెలువడెను. ఈ నగరపు కన్నడ మిత్రులు పలువురు తమ బాల్యమున ఆ కథలను తమ భాషలో చదివి, అవి కన్నడ కథలనియే తలచిరి. వారికవి పరాయివి కావు, మనకును కావు. మారతహళ్ళి యపార్టుమెంటులో ఎదురెదురు వాకిళ్ళవారికి, తెలియకయే ఒక బాల్యము ఉమ్మడియైనది. ఒక తెలుగువాని కల్పన ఇట్టి పని చేసినదని తెలియుట మనకు గర్వకారణము, వారికి సంతోషకారణము. అయినను వ్రాసినవానికి దక్కవలసినది వ్రాసినవానికి దక్కవలెను. అజ్ఞాతత్వమును ఆయన కోరి వరింపలేదు. అది ఉద్యోగముతోపాటు వచ్చినది.

‘చందమామ’ 1998లో కొంతకాలము ఆగి, మరల వెలువడి, 2007లో చేతులు మారి, కొన్నేండ్లకు శాశ్వతముగ నిలిచిపోయెను. సుబ్రహ్మణ్యముగారు 2006లో ఉద్యోగము చాలించి, చివరిదశలో విజయవాడ చేరి, 2010 జనవరి 27వ తేదీన అచ్చటనే కన్నుమూసిరి. ఆయన చివరి యేండ్లలోను, తరువాతను, బాల్యమున ఆయన కథలు చదివి పెద్దలైన యభిమానులు పాత సంచికలను వెదకి, ధారావాహికలను గుర్తించి, ఆయన పేరుతో పుస్తకములుగ తెచ్చిరి. లవ్‌క్రాఫ్టునకు డెర్లెత్, వాండ్రీలు చేసిన ఋణవిమోచనమే ఇది. మనవారు చేసినది ఆలస్యముగనే యైనను, చేసిరి.

ఉపసంహారము

పైని చెప్పిన దాని సారము ఇంతే. దాసరి సుబ్రహ్మణ్యముగారు భయమును చూపి భయమును పోగొట్టిన కథకుడు. దయ్యములను నమ్మక దయ్యముల కథలు వ్రాసిరి. రాష్ట్రము వెలుపల నుండి రాష్ట్రమందలి బాలురకు తెలుగు నేర్పిరి. పేరు లేకుండ ఏబదినాలుగేండ్లు పనిచేసిరి.

మన సంఘములు పండుగలను జరుపుచున్నవి, నాటకములాడించుచున్నవి, సంతోషము. దానితోపాటు వారమున కొకరాత్రి, ఒక పెద్ద, నలుగురు పిల్లలను కూర్చుండబెట్టి, ఇట్టి ధారావాహికలో ఒక్కొక్క భాగమును బిగ్గరగ చదివి వినిపించి, అపాయపు టంచున ఆపివేసిన చాలును. తరువాతి భాగము కొఱకు తొందరపడు పిల్లవాడు తానే యక్షరములు కూడబలుకుకొనును. భాషాభిమానమును గూర్చి మనము చేయు ఉపన్యాసములు పది చేయలేని పని ఆ కుతూహలము చేయును.

మా మనుమనికి సమాధానము చెప్పితిని. వాడు ఆ పేరును రెండుసార్లు పలికి, పెన్సిలు తెచ్చి, సంపుటపు మొదటి పుటపై నన్ను వ్రాయుమనెను. నేను వ్రాయలేదు, వానిచేతనే వ్రాయించితిని. ‘హ్మ’ అను సంయుక్తాక్షరమును మూడుమార్లు చెరిపి వ్రాసెను. అక్షరములు వంకరగ నున్నవి. కాని మా తండ్రిగారు కుట్టించిన ఆ సంపుటమున, ఇన్నాళ్ళకు, కథకుని పేరున్నది.